నీలం రంగు చెప్పని మాట

షుగర్ పెరగడం గురించి మన పత్రికల్లో చాలానే వచ్చింది. పడిపోవడం గురించి వచ్చింది తక్కువ. నేను సాలూరులో రక్తం, మూత్రం పరీక్షలు చేసే ల్యాబ్‌లో పనిచేసి రిటైరైనవాణ్ని. మా ఊరు 1979 దాకా శ్రీకాకుళం జిల్లా, ఆ తర్వాత విజయనగరం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యం జిల్లా. జిల్లా పేరు ఎన్నిసార్లు మారినా ఊరి పోకడ మారలేదు. ఒకపక్క పాచిపెంట, మక్కువ కొండలు. ఇంకోపక్క ఘాటీ ఎక్కి సుంకి, పొట్టంగి మీదుగా కోరాపుట్ పోయే లారీలు. షుగర్ పడిపోవడమనే ఆపద ఈ రెండు దారుల్లోనూ మా ఊరికొచ్చింది. కొండ మీంచి జ్వరంతో దిగింది, రోడ్డు మీద మధుమేహంతో వచ్చింది.

కొండ దారి ముందు చెబుతాను, అదే పాతది కనక. మన్యం జ్వరమంటే మైదానంవాళ్లకు ఎంత హడలో పెద్దలకు తెలుసు. ఏజెన్సీకి బదిలీ అంటే ఇంటిల్లిపాదీ ఏడ్చేవారు. 1897లో రొనాల్డ్ రాస్ సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని పట్టుకున్నాడు. జబ్బు ఎలా వస్తుందో తెలిసింది గానీ మందు మాత్రం ఆ తర్వాత చాలా కాలం క్వినైనే. మలేరియాల్లో ప్రాణం తీసే రకం ఫాల్సిపారం. అది ముదిరితే, ముఖ్యంగా పిల్లల్లో, గర్భిణుల్లో, రక్తంలో గ్లూకోజు దానంతటదే పడిపోతుంది. క్రిమి తన వాటా తినేస్తుంది, జ్వరపు బిడ్డ అన్నం ముట్టదు, కాలేయం కొత్త గ్లూకోజు తయారుచేయలేక చేతులెత్తేస్తుంది. దీనికి తోడు క్వినైన్ క్లోమాన్ని రెచ్చగొట్టి ఇన్సులిన్ ఎక్కువగా వదిలేలా చేస్తుంది. జ్వరాన్ని దించడానికి ఇచ్చిన మందే షుగర్‌ను కూడా దించేదన్నమాట. థాయ్‌లాండ్‌లో పనిచేసిన నికొలస్ వైట్ బృందం 1983లో ఈ సంగతిని లెక్కలతో సహా అచ్చువేసింది.

అంతకుముందు స్పృహ తప్పిన జ్వరం రోగిని చూస్తే మైదానంలో ‘జ్వరం మెదడుకెక్కింది’ అనేవారు. కొండమీద గాలి సోకిందనో, ఎవరో చిల్లంగి పెట్టారనో అనేవారు. మంత్రగాడు వేపమండ తిప్పుతుంటే బిడ్డ ఒళ్లు చల్లబడి చెమటలు కారేవి. జ్వరం దిగిందని తల్లి సంతోషించేది. ఆ చెమట జ్వరం దిగినప్పటిది కాకపోవచ్చని చెప్పేవాళ్లు అప్పుడెవరూ లేరు. పరీక్ష గొట్టాల ముందు కూర్చున్నవాణ్ని కాబట్టి ఆ పిల్లల ఆలోచన నన్నెప్పుడూ వదల్లేదు. చిటికెడు చక్కెర నీళ్లతో కొందరైనా నిలబడేవారేమో. 2005లో ఆసియాలో, 2010లో ఆఫ్రికాలో పెద్ద పరిశోధనలు జరిగి ఆర్టిసునేట్ ఇంజెక్షన్ క్వినైన్ కన్నా మేలని తేలాక ఈ బెడద కొంత తగ్గింది.

ఇక రోడ్డు దారి, అంటే మధుమేహం వచ్చిన దారి. 1922 జనవరిలో కెనడాలోని టొరంటోలో లెనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ల కుర్రాడికి మొదటిసారి ఇన్సులిన్ పొడిచారు. ఆ మందు దొరికిన ఏడాదిలోనే దాని రెండో గుణం కూడా బయటపడింది. మోతాదు కొలవడానికి వాళ్లు కుందేళ్లను వాడేవారు. ఆకలితో ఉంచిన రెండు కిలోల కుందేలు రక్తంలో చక్కెరను 45కి దించి, మూర్ఛ తెప్పించగల మందును ఒక యూనిట్‌గా లెక్కగట్టారు. తర్వాత ఆ కొలతను సవరించారు గానీ, యూనిట్ అనే మాట పుట్టింది షుగర్ పడిపోయిన కుందేలు నుంచే. గ్లూకోజు ఎక్కిస్తే అదే కుందేలు లేచి గెంతేది. మనుషుల్లో ఆకలి, వణుకు, చెమట, కంగారు, తర్వాత మతి తప్పడం ఏ వరసలో వస్తాయో 1922లోనే వాల్టర్ క్యాంప్‌బెల్, ఆల్మన్ ఫ్లెచర్ అనే టొరంటో డాక్టర్లు రాసిపెట్టారు.

1923లో విశాఖపట్నంలో కింగ్ జార్జ్ ఆసుపత్రి తెరిచారు. మావాళ్ల నోట అది ‘పెద్దాసుపత్రి’. బొబ్బిలి నుంచి సాలూరుకు 1913లోనే రైలు వచ్చింది కనక, ముదిరిన జబ్బుతో ఉన్నవాళ్లు ఆ బండెక్కి అక్కడికి పోయేవారు. అక్కడ రాసిన మందు పట్టుకుని ఇంటికొచ్చేవారు. ఆ తర్వాత సూది వేయడమూ, తేడా వస్తే కనిపెట్టడమూ ఇంట్లోవాళ్ల పని. గాజు సిరంజి, స్టీలు సూది గిన్నెలో మరగబెట్టడం, ఇన్సులిన్ సీసాను తడిగుడ్డ చుట్టి మట్టికుండలో దాచడం, ఇవన్నీ చేసింది భార్యలూ కోడళ్లూ.

నేను పనిలో చేరేనాటికి మా ల్యాబ్‌లో రాజ్యమంతా బెనెడిక్ట్ ద్రావణానిదే. కొంతమంది ఇళ్లల్లో కూడా ఉండేది. మైలుతుత్తం కలిసిన నీలిరంగు నీళ్లవి. గొట్టంలో 5 మిల్లీలీటర్లు పోసి, ఎనిమిది చుక్కల మూత్రం వేసి, పట్టకారుతో పట్టుకుని స్పిరిట్ దీపం మీద కాచాలి. గొట్టం మూతి మన ముఖం వైపు ఉండకూడదు, పొంగి చిమ్ముతుంది. కదుపుతూ కాస్తే కాసేపటికి రంగు తేలుతుంది. ఆకుపచ్చైతే కొద్దిగా చక్కెర, పసుపైతే ఇంకాస్త, నారింజైతే మరీ ఎక్కువ, ఇటుకపొడి రంగు అడుగున దిగితే డాక్టరు ముఖం కూడా మారిపోయేది. రంగు మారకుండా నీలంగానే ఉంటే రోగి ముఖం వెలిగిపోయేది. ‘బాగుంది బాబూ, నీలమే’ అని చీటీ పుచ్చుకుని వెళ్లేవారు.

అసలు గొడవ ఆ నీలంలోనే ఉంది. రక్తంలో చక్కెర సుమారు 180 దాటితేనే మూత్రపిండాలు దాన్ని బయటికి వదులుతాయి. అంతకు దిగువన ఎంతున్నా గొట్టంలో నీలమే. 120 ఉన్నవాడికీ నీలమే, 40కి పడిపోయి వణుకుతున్నవాడికీ నీలమే. పైగా ఆ మూత్రం గంటల కిందట చేరింది. రక్తంలో నేరుగా చూడాలంటే చేతి నరం నుంచి రక్తం తీసి, ఫోలిన్-వు పద్ధతిలో మరగబెట్టి, రంగు పోల్చి చెప్పాలి. ఆ లెక్క తేలేసరికి రోగి లేచి కూర్చోవాలి, లేదా పడిపోవాలి. అందువల్ల నా తరం దాకా, తక్కువ షుగర్‌ను పసిగట్టే పరికరం ఇంట్లోవాళ్ల కళ్లూ చెవులే. మా వీధిలో ఒక లారీ డ్రైవరుగారి భార్య చెప్పిన మాట నాకు ఏ పుస్తకంలోనూ అంత సూటిగా దొరకలేదు. ‘మాట తేడాగొస్తే నాకు తెలిసిపోద్ది బాబూ. పిలిస్తే పలకరు, పలికినా ఏటేటో అంటారు. ఊరకే కసురుకుంటారు. మెడ మీద చెయ్యేసి చూస్తాను, చల్లగా తడుంటది. అప్పుడింక ఏటీ అడగను, బెల్లం నీళ్లు పట్టేస్తాను.’ మెడ వెనక చెయ్యి పెట్టి చూడటం ఆమెకు ఏ డాక్టరూ నేర్పలేదు. అది పక్కా పరీక్ష. షుగర్ పడిపోతే పట్టే చెమట చల్లగా, జిడ్డుగా ఉంటుంది. బీపీకి వేసే కొన్ని బిళ్లలు గుండెదడనూ వణుకునూ కప్పేస్తాయి గానీ చెమటను ఆపలేవు.

డ్రైవర్ల సంగతి చెప్పాలి, సాలూరులో ఉండి అది చెప్పకపోతే అన్యాయం. పొద్దున్నే షుగర్ బిళ్ల వేసుకుని, చోడి అంబలి తాగి బయల్దేరిన మనిషి ఘాటీలో బండి ఆగిపోతే మధ్యాహ్నం భోజనం మూడింటికి చేస్తాడు. మలుపుల మీద చేతులు తడబడతాయి, మాట ముద్దవుతుంది, ఎదుటి బండివాడితో గొడవపడతాడు. చూసినవాళ్లు తాగాడనుకుంటారు. క్లీనర్లలో తెలివైనవాళ్లు ఉన్నారు, ‘గురువుగారూ, బండి పక్కకి పెట్టండి’ అని బతిమాలి, దారిలో టీకొట్టు నుంచి చక్కెర ఎక్కువేసిన టీ తెచ్చిచ్చేవాళ్లు. బ్రిటన్‌లో ఇన్సులిన్ వాడే డ్రైవరు బండెక్కేముందు షుగర్ చూసుకోవాలి, దూరం పోతే రెండు గంటలకోసారి చూసుకోవాలి, 90 కన్నా తక్కువుంటే తిని గాని తాళం తిప్పకూడదు. మా ఘాటీకి ఆ నియమం ఇంకా ఎక్కువ అవసరం.

బిళ్లల పుట్టుక కూడా ఇదే ఆపదతో ముడిపడింది. 1942లో ఫ్రాన్స్‌లోని మోంపెల్యేలో మార్సెల్ జాన్బోన్ అనే డాక్టరు టైఫాయిడ్ రోగులకు ఒక కొత్త సల్ఫా మందు ఇస్తే, కొందరికి మూర్ఛలొచ్చాయి, కొందరు చనిపోయారు. కారణం షుగర్ పడిపోవడం. ఆయన తోటివాడు ఆగస్ట్ లుబాతియేర్ దాని వెంటపడ్డాడు. అక్కణ్నుంచి పుట్టినవే సల్ఫొనైల్‌యూరియా బిళ్లలు. గ్లిబెన్‌క్లమైడ్ ఆ జాతిదే, చవక, మా ఊళ్లో తెలియని ఇల్లు లేదు. దాని ప్రభావం ఒక పూటతో పోదు. కార్తీక సోమవారం ఉపవాసముండే పెద్దావిడలు, దీక్షలో ఒంటిపూట తినేవాళ్లు బిళ్ల మాత్రం మానకుండా వేసుకునేవారు. దేవుడి పని కదా, తిండి మానేయొచ్చు, మందు మానకూడదనుకునేవారు. సాయంత్రం దీపాల వేళకు కళ్లు తిరిగి పడిపోయేవారు. ఉపవాసానికి ముందే డాక్టరుతో మాట్లాడి మోతాదు మార్చుకుంటే ఆ భయముండదు. మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్లలో ఈ మందులు, ఇన్సులిన్ ఒంట్లో ఇంకా ఎక్కువసేపు నిలుస్తాయి. పక్కనున్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎంతమంది ఇళ్లు గుల్ల చేసిందో తెలిసినవాళ్లకు ఈ మాట బరువు తెలుస్తుంది.

ఇంట్లో వేలు పొడిచి చూసుకునే రోజు ఆలస్యంగా వచ్చింది. 1970లో అమెరికాలో ఆంటన్ క్లెమెన్స్ రూపొందించిన మొదటి మీటరు కిలోకు పైగా తూగేది, డాక్టర్లకే అమ్మేవారు. రిచర్డ్ బెర్న్‌స్టైన్ అనే ఇంజినీరు తన మధుమేహం తానే చూసుకోవడానికి, డాక్టరైన భార్య పేరు మీద ఒకటి తెప్పించుకున్నాడు. సాలూరు ఇళ్లల్లోకి అరచేతి మీటర్లు వచ్చేసరికి 2000 దాటింది. వచ్చాక నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. నీలం రంగు దాచిన అంకె బయటికొచ్చింది. అయితే మీటరుకూ హద్దుంది. 100కు దిగువన నిజానికీ మీటరు చూపేదానికీ 15 దాకా తేడా ఉండొచ్చని అంతర్జాతీయ ప్రమాణమే ఒప్పుకుంటుంది. 72 చూపించినా చెమటలు పడుతుంటే చక్కెర తీసుకోవాల్సిందే. చెయ్యి కడిగి, తుడిచి పొడవాలి. బెల్లం ముట్టుకున్న వేలు ఉన్నదానికన్నా బాగా ఎక్కువ చూపించొచ్చు. స్ట్రిప్పుల డబ్బా మూత గట్టిగా బిగించాలి, వానాకాలం చెమ్మకు పాడవుతాయి.

ఇంట్లో చేయాల్సింది ఇప్పుడు అందరికీ ఒకటే: 70కి దిగువన ఉంటే 15 గ్రాముల చక్కెర, అంటే మూడు చెంచాల గ్లూకోజు పొడి గానీ పంచదార గానీ అర గ్లాసు నీళ్లలో కలిపి తాగాలి. 15 నిమిషాలాగి మళ్లీ చూడాలి, పెరగకపోతే మళ్లీ తాగాలి. 54కి దిగువకు పోతే ప్రమాదం ముంచుకొచ్చినట్టే. పెరిగాక అన్నమో ఇడ్లీయో తినాలి, లేకపోతే మళ్లీ దిగుతుంది. చాక్లెట్ వద్దు, అందులోని కొవ్వు ఆలస్యం చేస్తుంది. వోగ్లిబోస్, అకార్బోస్ వాడేవాళ్లకు బెల్లం, పంచదార వెంటనే పనిచేయవు, వాళ్లింట్లో గ్లూకోజు పొడే ఉండాలి. మింగలేనివాళ్ల నోట్లో ఏదీ పోయకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన ఆ సర్వీసు మా కొండల అంచుదాకా వచ్చింది. బండిలోనే షుగర్ చూసి నరానికి డెక్స్‌ట్రోజ్ ఎక్కిస్తారు. సల్ఫొనైల్‌యూరియా వల్ల పడిపోయినవాళ్లు లేచి కూర్చున్నా ఆసుపత్రికి వెళ్లాల్సిందే, ఆ రాత్రి మళ్లీ పడిపోవచ్చు. సిరంజి మూత కూడా చూసుకోవాలి. 40 యూనిట్ల సీసాకు ఎర్రమూత సిరంజి, 100 యూనిట్లదానికి నారింజమూత సిరంజి. 100 సీసా మందును ఎర్రమూత సిరంజితో లాగితే రెండున్నర రెట్లు ఒంట్లోకి పోతుంది.

ఇంతా చెప్పాక మళ్లీ కొండమీద బిడ్డల దగ్గరే నా మనసు ఆగుతుంది. జ్వరం పిల్లలు తాగగలిగే స్థితిలో ఉంటే, ఆసుపత్రికి తరలించేముందు తల్లిపాలు గానీ, 200 మిల్లీలీటర్ల నీళ్లలో నాలుగు చెంచాల పంచదార కలిపి గానీ పట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనల్లో ఉంది. ఈ ఒక్క మాట పాచిపెంట, మక్కువ గూడేల్లో ప్రతి తల్లికీ తెలియాలి, వాళ్ల భాషలో తెలియాలి. ఆశా కార్యకర్త సంచిలో మలేరియా పరీక్ష కిట్ ఉంటుంది. దాని పక్కన ఒక గ్లూకోమీటరు, గడువు దాటని స్ట్రిప్పులు పెట్టమని అధికారులను అడుగుతున్నాను. బిడ్డ వేలు మళ్లీ పొడవక్కర్లేదు. మలేరియా కోసం పొడిచిన చోటే నొక్కితే రెండో చుక్క వస్తుంది, షుగర్‌కు ఆ చుక్క చాలు.