మా తాత, మోట బావి, తంగేడు చెక్క

పోయిన భాగంలో వెట్టి గురించి రాశాను. చాలామంది విద్యార్థి మిత్రులు ఒకే ప్రశ్న అడిగారు: "అన్నా, ఇదంతా ఏ పుస్తకంలో ఉంది?" కొంత పుస్తకాల్లో ఉంది. చాలా మటుకు మన ఇళ్లలో ఉంది. మన తాతలు, నాయనమ్మలు పోతే వాళ్లతోపాటే పోతుంది. అందుకే ఈసారి మా తాత గురించి రాస్తున్నాను.

మాది నల్లగొండ మెట్ట ప్రాంతం. కాలువ నీళ్లు ఎరగని ఊరు. పంట పండాలంటే బావే దిక్కు. బావి నీళ్లు పైకి రావాలంటే మోట కావాలి. మోటకు తోలు కావాలి. తోలు కోసం ఊరంతా మాదిగవాడకే రావాలి.

తాత పుట్టిన సంవత్సరం ఎక్కడా రాసి లేదు. "పోలీసు యాక్షన్ నాటికి నాకు మూతి మీద మీసం వస్తాంది" అనేవాడు. అంటే 1948 సెప్టెంబరు నాటికి పదహారు, పదిహేడేళ్లు ఉండొచ్చు. అప్పటికే వాళ్ల నాయన పక్కన కూర్చుని మోట బొక్కెనలు కుట్టేవాడు.

మోటను చూడని తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం చెప్తున్నాను. పెద్ద బొక్కెన. దాని అడుగున పొడవాటి తోలు తొండం. బొక్కెనకు గిలక మీదుగా లావాటి మోకు, తొండం కొసకు ఒక సన్న తాడు. ఎడ్లు వాలు దారిలో కిందికి నడిస్తే బొక్కెన పైకి వస్తుంది. వస్తున్నంతసేపూ తొండం మూతి పైకి మడిచి ఉంటుంది కాబట్టి నీళ్లు కారిపోవు. గట్టు మీదికి రాగానే సన్న తాడు తొండాన్ని ముందుకు లాగుతుంది. నీళ్లు వాటంతట అవే కాలువలో పడతాయి. తొండం పొడవు కొంచెం తప్పినా, కుట్టు దగ్గర కారినా, ఎడ్ల కష్టం, మనిషి కష్టం మళ్లీ బావిలోకే. ఆ కొలత మా తాత జేనలతో, బెత్తలతో వేసేవాడు. కాగితం లేదు, టేపు లేదు.

ఇక ఆ తోలు తయారీ. ఊళ్లో గొడ్డు చస్తే కబురు వచ్చేది. మోసుకొచ్చి, ఒలిచి, తోలును సున్నపు నీళ్లలో నానబెట్టేవాళ్లు. వెంట్రుక వదులయ్యాక గీకి, కడిగి, తంగేడు చెక్క, కరక్కాయ కలిపిన నీళ్లలో ఊరబెట్టేవాళ్లు. తోలును సంచిలా కుట్టి, లోపల చెక్క, నీళ్లు నింపి వేలాడదీసే పద్ధతి కూడా ఉండేది. రోజుల తరబడి పని. ఎండాకాలం ఒక లెక్క, వానాకాలం ఇంకో లెక్క. చెక్క దంచింది, కరక్కాయ నలగ్గొట్టింది, నీళ్లు మోసింది మా నాయనమ్మ. తాత పేరైనా ఊళ్లో నలుగురికి తెలుసు. ఆమె పని ఎవరి లెక్కలోనూ లేదు.

1948లో మద్రాసులో కేంద్ర తోలు పరిశోధన సంస్థ పెట్టారు. అక్కడ తోలును కుళ్లకుండా చేసే పనిని శాస్త్రం అంటారు. మా లంద దగ్గర అదే పనిని మైల అన్నారు. బ్రిటిష్ కాలంలో మద్రాసు రేవు నుంచి ఇంగ్లండుకు ఓడలెక్కిన తోళ్లను పదును చేసిందీ ఈ తంగేడు చెక్కే. ఓడలో తోలుకు అంటు లేదు. ఒలిచిన మనిషికి ఉంది.

అట్లని ఈ పనిని నెత్తిన పెట్టుకుని పూజించమని నేను అనను. మన కార్యకర్తలు కొందరు చేసే పొరపాటు ఇది. తాత కట్టిన మోటతో పారిన మడి ఒక్కటి కూడా తాతది కాదు. కూలి రొక్కం కాదు, కల్లం కాడ కొలిచే గింజలు. అవి కూడా అడుక్కున్నట్టు నిలబడితేనే. మోట కుట్టిన మనిషికి ఆ బావిలో దిగి నీళ్లు తాగే హక్కు లేదు. పైనుంచి పోస్తే దోసిలి పట్టాలి. ఆ పనిలో తెలివి ఉంది. ఆ పనిని పుట్టుకతో మెడకు కట్టడంలో బానిసత్వం ఉంది. ఈ రెండు మాటలూ కలిపే చెప్పాలి. ఒకటి వదిలేసినా చరిత్ర తప్పుతుంది.

1970ల్లో మా ఊళ్లో మోట పోయి మోటారు వచ్చింది. తర్వాత ప్లాస్టిక్ చెప్పులు వచ్చాయి. తాత ఎవరినీ తిట్టలేదు. పొద్దున కూలికి పోయేవాడు, సాయంత్రం తెగిన చెప్పులు కుట్టేవాడు. మా అమ్మానాయనలు హైదరాబాద్‌లో కట్టడం పనులకు పోతే నన్ను, చెల్లెను సాకింది ఆయనే. ఇంటికి రాగానే మమ్మల్ని ఎత్తుకునేవాడు కాదు. ముందు బూడిదతో, తర్వాత చింతపండు గుజ్జుతో చేతులు రుద్దుకునేవాడు. వాసన చూసుకునేవాడు. అప్పుడు ఎత్తుకునేవాడు. రుమాలు ముడిలో పుట్నాలు ఉండేవి. చెల్లెకు నాకన్నా నాలుగు గింజలు ఎక్కువే.

ఆరె, రంపె మాత్రం ఎన్నడూ ముట్టనియ్యలేదు. ఒకసారి ఆడుకుంటూ ఆరె పట్టుకుంటే చేతిలోంచి గుంజుకున్నాడు. "ఇది నాతోనే ఆగాలె బిడ్డా. నువ్వు పలక పట్టు."

పదో తరగతి పరీక్ష ఫారంలో సంరక్షకుని వృత్తి అని ఒక గడి ఉంది. నేను "వ్యవసాయ కూలీ" అని రాశాను. సాయంత్రం తాత ఫారం చదివి వినిపించమన్నాడు. చదివాను. కొంచెంసేపు ఊరుకున్నాడు. "మంచిగనే రాసినవ్ బిడ్డా" అని బయటికి పోయాడు. ఆ రాత బడ్లో ఎవరూ నన్ను అడిగి రాయించింది కాదు. నా అంతట నేనే తాతను కొట్టేశాను. ఆయన బతికుండగా ఆ మాట ఎత్తే ధైర్యం నాకు రాలేదు. ఇప్పుడు మీ ముందు ఒప్పుకుంటున్నాను.

చచ్చిన గొడ్డును మోయమని, ఒలవమని బలవంతం చేయడం అంటరానితనం కిందికి వచ్చే నేరమని 1976 సవరణతో పౌరహక్కుల రక్షణ చట్టంలో చేర్చారు. తాతకు ఆ చట్టం సంగతి ఎవరూ చెప్పలేదు. ఆయన రాసుకున్న చట్టం ఒక్కటే: ఈ పని మనవడికి రావొద్దు. 2016 జులైలో గుజరాత్‌లోని ఊనాలో చచ్చిన ఆవు తోలు ఒలుస్తున్నారని మనవాళ్లను కట్టేసి కొట్టినప్పుడు నాకు తాతే గుర్తొచ్చాడు. ఒకప్పుడు ఒలవకపోతే కొట్టారు. ఇప్పుడు ఒలిస్తే కొట్టారు.

తంగేడు ఇవాళ తెలంగాణ రాష్ట్ర పుష్పం. బతుకమ్మలో ఆ పసుపు పువ్వు లేకుండా పేర్చరు. సంతోషమే. కానీ ఆ చెట్టు చెక్కతో ఊరి పొలాలకు నీళ్లు పారించిన చేతుల గురించి ఏ పండుగలోనూ పాడరు. పువ్వు అందరిదీ అయింది. చెక్క మాత్రం మనదిగానే మిగిలింది.

మిత్రులారా, ఈ సెలవులకు ఇంటికి పోతే ఒక పని చేయండి. మీ తాతనో నాయనమ్మనో కూర్చోబెట్టి అడగండి. ఏ పని చేశావు? ఎట్లా చేశావు? దానికి ఎవరు ఏమిచ్చారు, ఎవరు ఎగ్గొట్టారు? ఫోన్‌లో రికార్డు చేయండి. పనిముట్ల పేర్లు వాళ్ల నోటి మాటల్లోనే రాసుకోండి. సిగ్గుపడి మాట మారిస్తే ఆగండి, మళ్లీ అడగండి. ఆ సిగ్గు వాళ్లది కాదు.

తాత ఆరె ఇప్పుడు నా పుస్తకాల పక్కన ఉంది. మా బిడ్డ మొన్న ఫారంలో ముత్తాత గురించి ఏమీ అడగలేదేమని అడిగింది. గడి లేకపోతే మనమే గీసుకుందామన్నాను. ఈ వ్యాసం ఆ గడి.

జై భీమ్.