అడుగులకు లెక్క రాసినవాళ్లు

ఆడి నెలలో పెరియపాళయం భవానీ అమ్మవారి గుడి ముందు పంబ మోగిందంటే జనం కాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. వేపమండలు కట్టుకున్నవాళ్లు, పొంగలి కుండ ఎత్తుకున్నవాళ్లు, తమిళంలో మొక్కేవాళ్లు, తెలుగులో మొక్కేవాళ్లు, ఎవరి అడుగు వాళ్లది. అదే తిరువళ్లూరు జిల్లాలో పడమరగా తిరువాలంగాడు వెళితే అడుగు పోటీకి దిగుతుంది. నటరాజు అయిదు సభల్లో రత్నసభ అక్కడిదే. కాళి శివుడికి సరిసమానంగా ఆడిందట. చివరికి ఆయన చెవి కుండలం కింద పడితే కాలి వేళ్లతో అందుకుని, ఆ కాలు తలదాకా ఎత్తి మళ్లీ చెవికి పెట్టుకున్నాడనీ, ఆ భంగిమకు సిగ్గుపడి ఆమె ఓటమి ఒప్పుకుందనీ స్థలపురాణం. చేతకాక ఆగిపోవడం వేరు, చేయనని ఆగిపోవడం వేరు. ఆ తీర్పు మీద నాకు మొదటినుంచీ సందేహమే.

ఎదురుగా చూపించిన అడుగు తప్పకుండా వేయాలన్న ఈ ఆటనే జపాన్‌లో కొనామీ కంపెనీ 1998లో నాణెం వేసి ఆడే యంత్రంగా చేసింది. పేరు డాన్స్ డాన్స్ రెవల్యూషన్. కాళ్ల కింద ఎడమ, కుడి, ముందు, వెనక నాలుగు పలకలు. తెర మీద పాటతోపాటు బాణాలు పైకి కదులుతాయి. బాణం పై గీతను తాకిన క్షణాన ఆ పలకను తొక్కాలి. ఏ దెబ్బకు ఏ బాణమో ముందే రాసిపెట్టిన పట్టికే స్టెప్ చార్ట్. పాట ఒకరిది, అడుగులు ఇంకొకరివి, వేసేది ఎక్కడో ఉన్న మూడో మనిషి. యంత్రం కొత్తదే కానీ ఈ పని మనవాళ్లకు కొత్త కాదు.

కాకతీయ గణపతిదేవుడి గజసేనాని జాయప 1253-54 ప్రాంతంలో సంస్కృతంలో నృత్తరత్నావళి రాశాడు. ఎనిమిది అధ్యాయాలు. మొదటి నాలుగూ శాస్త్రం చెప్పిన మార్గ నృత్యానివి, తర్వాతి నాలుగూ జనం ఆడుకునే దేశివి. ఏనుగుల దళాన్ని నడిపేవాడు పేరిణి, చిందు, కర్రలు పట్టి ఆడే దండరాసకం, బంతులతో ఆడే కందుక నృత్యం ఎలా ఆడతారో కూర్చుని వివరించాడు. ఆడుతుండగా చూసి నేర్చుకునే వీధి నృత్యాన్ని, చూడనివాడు కూడా చదువుకునేలా అక్షరాల్లో పెట్టాడు. వి. రాఘవన్ పరిష్కరించిన ప్రతి 1965లో మద్రాసులో అచ్చయింది. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ తెలుగు చేశారు. పేరిణికి మళ్లీ ప్రాణం పోయడానికి నటరాజ రామకృష్ణ ఈ గ్రంథాన్నీ రామప్ప గుడి శిల్పాలనూ పక్కపక్కన పెట్టుకోవలసి వచ్చింది. వాటిలో ఏ ఒక్కటీ చాలలేదన్నమాట.

కాగితం లేకుండా లెక్క నిలబెట్టినవాళ్లూ ఉన్నారు. తిరుత్తణి 1960 దాకా చిత్తూరు జిల్లాలోదే, ఆ పక్క తెలుగు ఊళ్లకు కోలాటం తెలియనిది కాదు. కోలాటంలో ఒక్కో అడుగుల వరసను కోపు అంటారు. పాట మారినా కోపు మారదు, గురువు కేకవేస్తే కోపు మారుతుంది. జడకోలాటం చూడండి. పైన ఒక్కచోట కట్టిన తాళ్ల కొసలు పట్టుకుని సగం మంది కుడిగా, సగం మంది ఎడమగా తిరుగుతారు. ఎదురైన మొదటి మనిషికి లోపలినుంచి, రెండో మనిషికి బయటినుంచి పోవాలి. పాట సాగేకొద్దీ పైన జడ అల్లుకుంటుంది. ఎవరైనా ఒక్క అడుగు తప్పితే ఆ తప్పు జడలో అక్కడే ముడిపడి ఊరందరికీ కనిపిస్తుంది. తర్వాత అవే అడుగులు తిరగేసి జడ విప్పాలి. వేసినవి మనసులో లేకపోతే విప్పడం ఎవరి తరమూ కాదు.

కూచిపూడివారి సింహనందిని ఇంకో మెట్టు పైన. 128 అక్షరాల సింహనందన తాళానికి ఆడుతూ, రంగుపొడి పరచిన నేల మీద కాళ్లతోనే సింహం బొమ్మ గీస్తారు. ఈ చిత్రనాట్యాన్ని మళ్లీ వెలుగులోకి తెచ్చినవారిలో అహ్మదాబాద్ దర్పణ అకాడమీలో నేర్పిన సి.ఆర్. ఆచార్యులు ముఖ్యులు. అక్కడ అడుగు తాళానికీ చెల్లాలి, బొమ్మకూ చెల్లాలి.

ఇక యంత్రం సంగతి. కంపెనీ ఇచ్చిన అడుగులు ఆడేవాళ్లకు ఎన్నాళ్లో ఆనలేదు. ప్లేస్టేషన్‌లో సొంత అడుగులు రాసుకుని, మెమరీ కార్డులో తీసుకెళ్లి ఆటశాలలో ఆడుకునే వీలు 1999లోనే వచ్చింది. 2001లో మొదలైన స్టెప్‌మానియా అనే ఉచిత ప్రోగ్రాం పూర్తిగా తలుపులు తెరిచింది. అందులో ఏ పాటకైనా ఎవరైనా చార్ట్ రాయవచ్చు. దాని ఆధారంగా 2004లో ఇన్ ద గ్రూవ్ అనే యంత్రం పుడితే, మరుసటి ఏడాదే కొనామీ కోర్టుకెక్కింది.

రాసేది ఉత్త అంకెలు. ఒక వరసకు నాలుగు అంకెలు, ఎడమ, వెనక, ముందు, కుడి అన్న క్రమంలో. 1 అంటే తొక్కు, 0 అంటే ఊరుకో, 2 దగ్గర తొక్కిపెట్టి 3 దగ్గర వదులు. ఎం అక్షరం ఉంటే అక్కడ కాలు పెట్టకూడదు. ఇంతే కదా అని కొత్తవాడు వినిపించిన ప్రతి దెబ్బకూ ఒక బాణం గుచ్చుతాడు. అది అడుగుల చార్ట్ కాదు, చిల్లుల కాగితం. ఒళ్లు తెలిసినవాడు ఏ కాలి వంతు ఎప్పుడో చూస్తాడు. కుడికాలి వంతుకు ఎడమ బాణం పెడితే కాళ్లు కత్తెర పడి నడుము తిరుగుతుంది. నాట్యశాస్త్రం స్వస్తికం అన్నది ఇలాంటి కాళ్ల అమరికనే. పల్లవికి ఒకసారి పెడితే అందం, వరసగా పెడితే ఆడేవాడు కింద పడతాడు. మడమతో తొక్కావా, మునివేళ్లతోనా అన్నది మాత్రం పలకకు పట్టదు. అంచితం, కుంచితం అన్నీ దానికి 1 కిందే లెక్క.

అసలు చిక్కు లయలో ఉంది. పాత సినిమా పాటలను వాద్యకారులంతా ఒక్కచోట కూర్చుని వాయించారు. లయ పట్టి ఉంచే కంప్యూటర్ క్లిక్ లేదు. చరణానికి వచ్చేసరికి లయ వెంట్రుకవాసి ముందుకు జరుగుతుంది. ఆడేటప్పుడు అత్యుత్తమ మార్కుకు ఉండే గడువు దెబ్బకు అటు 22.5, ఇటు 22.5 మిల్లీసెకన్లే కాబట్టి, చార్ట్ రాసేవాడు పాట పొడుగునా వేగం అంకెను సవరించుకుంటూ పోవాలి.

దానికంటే తమాషా దెబ్బను అయిదు ముక్కలు చేసే ఖండగతిది. స్టెప్‌మానియా ఒక దెబ్బను 48 గడులుగా కోస్తుంది. తకిటకూ తకధిమికీ 48 చక్కగా తెగుతుంది, తకతకిటకు తెగదు. నిమిషానికి 120 దెబ్బల పాటలో అయిదో వంతు అడుగు పక్క గడిలోకి జారితే తేడా నాలుగు మిల్లీసెకన్లు. కాలికి తెలియదు. అయినా ఒప్పుకోని మొండివాళ్లుంటారు, వాళ్లంటే నాకు గౌరవం. ఆ ముక్క వచ్చినంతసేపూ వేగం అంకెను 120 నుంచి 150కి మారుస్తారు. నాలుగు దెబ్బల కాలంలో అయిదు దెబ్బలు పడతాయి, పాత దెబ్బకు అయిదేసి పడాల్సిన అడుగులు కొత్త దెబ్బకు నాలుగేసి చొప్పున గడుల్లో పొల్లుపోకుండా కూర్చుంటాయి. తెర మీద మాత్రం బాణాలు ఉన్నట్టుండి పావువంతు వేగం పెంచుకుని మీదికొస్తాయి. పాట తొందరపడలేదని చెవి చెబుతుంటే, పడిందని కన్ను చెబుతుంది. ఎవరి మాట వినాలో ఆడేవాడే తేల్చుకోవాలి.