మా ఇంటికి డాలు ఉందా?

పోయిన నెల మా వాడికి స్కూల్లో ఓ హోమ్‌వర్క్ ఇచ్చారు. కాగితం మీద నాలుగు గళ్ళున్న డాలు బొమ్మ. అందులో "మీ కుటుంబం కోట్ ఆఫ్ ఆర్మ్స్" గీసుకు రావాలిట. "నాన్నా, మనదేంటి?" అన్నాడు. నేను కన్సల్టెంటుని కదా, తెలీని ప్రశ్న ఎదురైతే అలవాటు ప్రకారం "చూసి చెప్తా" అని నెట్ మీద పడ్డాను. ఇంటిపేరు కొడితే చాలు, డాలు బొమ్మ అచ్చేసి ఫ్రేము కట్టి పంపే సైట్లు బోలెడున్నాయి. మా ఇంటిపేరు మాత్రం దొరకలేదంది. స్పెల్లింగు కాస్త దగ్గరగా ఉందని ఎవరో ఐర్లండు వాళ్ళ సింహాన్ని చూపించి, పోనీ ఇది కొనుక్కోమంది!

సరే, అసలు ఈ డాళ్ళ సంగతేమిటో చూద్దామని చదవడం మొదలెట్టాను. మొదట తెలిసిందేమిటంటే ఆ సైట్లు అమ్మేది ఉత్త అబద్ధం. ఇంగ్లండు పద్ధతిలో డాలు ఇంటిపేరుకి చెందదు, ఒక మనిషికి చెందుతుంది. అతని నుంచి వారసులకి వస్తుంది. ఒకే ఇంటిపేరున్న పదివేల మందిలో హక్కున్న వాళ్ళు ఏ నలుగురో ఉంటారు. ఈ లెక్కలు చూడ్డానికి లండన్‌లో 1484లో పెట్టిన కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్ ఇప్పటికీ ఉంది. 1530 నుంచి 1688 దాకా అక్కడి హెరాల్డులు ఊళ్ళ మీద తిరుగుతూ, డాలు పెట్టుకున్న ప్రతివాణ్ణీ పిలిచి "నీకీ హక్కు ఎలా వచ్చింది? తాతముత్తాతల పేర్లు చెప్పు, కాగితాలు చూపించు" అని తనిఖీ చేసేవారు. చూపించలేని వాళ్ళ పేర్లు నలుగురిలో చాటించేవారు, వీళ్ళు పెద్దమనుషులు కారని. దీనికో ప్రత్యేక కోర్టు కూడా ఉంది. అది చివరిసారి కూర్చున్నది 1954లో. తన డాలుని ఒక నాటకశాల వాడుకుందని మాంచెస్టర్ నగరపాలక సంస్థ వేసిన కేసది. నగరమే గెలిచింది.

అమెరికాలో ఈ గొడవ లేదు. బిరుదులివ్వడాన్ని రాజ్యాంగమే వద్దంది కాబట్టి ఎవరికి నచ్చిన డాలు వాళ్ళు గీసుకోవచ్చు. అయినా మోజు పోలేదు. మా బెంటన్‌విల్‌లో క్రిస్టల్ బ్రిడ్జెస్ మ్యూజియం ఉంది. 2011లో తెరిచారు. అందులో గిల్బర్ట్ స్టువర్ట్ 1797లో వేసిన జార్జ్ వాషింగ్టన్ బొమ్మ ఉంది. రాజుల్ని వెళ్ళగొట్టిన ఆ మనిషే తన పుస్తకాల మీద వంశం డాలు అంటించుకునేవాడు. లండన్ హెరాల్డు ఒకాయన వంశవివరాలు అడిగితే, ప్రెసిడెంటుగా ఉంటూ కూడా 1792లో ఓపిగ్గా జవాబు రాశాడు. వాషింగ్టన్ డీసీ జెండా మీది మూడు ఎర్ర నక్షత్రాలు, రెండు పట్టీలు ఆ డాలువే.

మరి మనకి? ఎందుకు లేవూ! వేంగీ చాళుక్యుల తామ్రశాసనాల ముద్ర మీద వరాహం ఉంటుంది. ఆ లాంఛనం మాకు నారాయణుడి దయవల్ల వచ్చిందని శాసనం మొదట్లోనే చెప్పుకుంటారు. హక్కుకి రుజువు అదే అన్నమాట. తరవాత కాకతీయులూ, విజయనగర రాయలూ కూడా ఆ వరాహాన్నే పెట్టుకున్నారు. ఏ హెరాల్డూ వచ్చి అడగలేదు. చేతిలో రాజ్యముంటే వరాహం దానంతటదే నడిచొస్తుంది మరి.

అడిగేవాడు, ఇచ్చేవాడు అంటూ వచ్చింది తెల్లవాళ్ళ హయాంలోనే. 1877 ఢిల్లీ దర్బారు సందర్భంగా వైస్రాయ్ లిట్టన్ సంస్థానాధీశులకి డాలు బొమ్మలున్న పట్టు జెండాలు పంచాడు. ఆ బొమ్మలు తయారు చేసింది రాబర్ట్ టేలర్ అనే బెంగాల్ సివిల్ సర్వీసు ఉద్యోగి. ఒక్కో వంశం పురాణకథనీ, చరిత్రనీ తనకి తోచినట్టు అర్థం చేసుకుని ఐరోపా పద్ధతిలో డిజైన్ చేశాడు. ఆ దర్బారుకి మన పదేళ్ళ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కూడా వెళ్ళాడు. వందల ఏళ్ళుగా ఉన్న వంశాలకి, మీరెవరో ఇదిగో అని ఒక గుమాస్తా గీసిచ్చాడన్నమాట!

ఇదంతా రాజుల గోల. మాది వ్యవసాయం చేసుకునే ఇల్లు. మా వాడి కాగితంలో గళ్ళు ఇంకా ఖాళీగానే ఉన్నాయి. ఇండియాలో పొద్దున్నయ్యాక నాన్నకి ఫోన్ చేశాను.

"డాలూ గీలూ ఏముంటాయిరా మనకి? పిచ్చిగుంట్లవాళ్ళు వచ్చి చెప్పేవాళ్ళుగా" అన్నారు.

అప్పుడు వెలిగింది. మనకీ హెరాల్డులున్నారు! రాజులకి భట్రాజులు. రైతు కులాలకి పిచ్చిగుంట్లవాళ్ళు. ఇంటిపేరు, గోత్రం, వంశంలో పేర్లు అన్నీ నోటికే చెప్తారు. తెలంగాణలో పద్మశాలీలకి కూనపులివాళ్ళు, ముదిరాజులకి కాకిపడగలవాళ్ళు, గౌడులకి గౌడజెట్టిలు, మాదిగలకి జాంబపురాణం చెప్పే డక్కలివాళ్ళు. చేర్యాల నకాషీలు వేసే పొడుగాటి పటాలు ఇలాంటి కథలు చెప్పడానికే పుట్టాయి. ఇంగ్లండులో డాలున్నవాడు హక్కు రుజువు చేసుకోవాలి. మన దగ్గర చెప్పేవాడికి హక్కుండాలి. ఏ ఊళ్ళు ఎవరి మిరాశీయో వాళ్ళలో వాళ్ళకి పంపకాలుంటాయి, ఒకరి ఊళ్ళోకి ఇంకొకరు వెళ్ళకూడదు. కొందరి దగ్గర దానికి తామ్రపత్రాలు కూడా ఉండేవి. ఇంగ్లండు హెరాల్డు డాలు లేనివాడి గడప తొక్కడు. మనవాళ్ళు మాత్రం మాదిగవాడలోనూ వంశకథ చెప్పారు. అది నాకు చాలా గొప్పగా అనిపించింది.

గొప్పగా అనిపించి ఏం లాభం? 2001 సంక్రాంతికి మా ఇంటికొచ్చిన ముసలాయన్ని నేను చూశాను. నాకు పన్నెండేళ్ళు. అరుగు మీద కూర్చుని ఆయన మావాళ్ళ పేర్లు ఒకదాని వెనక ఒకటి పాటలాగా చెప్తుంటే, తాతయ్య నన్ను పిలిచి నోటుబుక్కు చేతికిచ్చి "రాసుకోరా, ఇంకెవరూ చెప్పరు" అన్నారు. రెండు పేజీలు రాశాను. బయట ఫ్రెండ్సు క్రికెట్‌కి పిలిచారు. "మిగతాది మళ్ళీ వచ్చినప్పుడు రాస్తాలే తాతయ్యా" అని బ్యాటు తీసుకుని పోయాను. ఆయన మళ్ళీ రాలేదు. ఆ నోటుబుక్కు ఏమైందో తెలీదు. తాతయ్య కూడా ఇప్పుడు లేరు.

ఇన్ని డేటాబేసులకి బ్యాకప్‌లు తీసే ఉద్యోగం నాది!

పిచ్చిగుంట్ల అన్న పేరు చిన్నచూపుగా ఉందని ఇప్పుడు వాళ్ళు వంశరాజ్ అని పిలుచుకుంటున్నారు. బీసీ జాబితాలో ఉన్నారు. అందరి వంశాలకీ సాక్ష్యం చెప్పినవాళ్ళు, తామెవరో చెప్పుకోవడానికి తాసీల్దారు ఆఫీసులో సర్టిఫికెట్టు కోసం నిలబడాలి.

నాన్నకి తెలిసిన పేర్లు అడిగి రాసుకున్నాను. ముత్తాత తండ్రి దాకా వచ్చి ఆగిపోయాయి. ఆడవాళ్ళ పేర్లయితే నాయనమ్మ దగ్గరే ఆగిపోయాయి. మా వాడు ఒక గడిలో ఆ పేర్లు రాసి, ఒక దాంట్లో నాగలి, ఒక దాంట్లో లాప్‌టాప్ వేశాడు. నాలుగో గడిలో అరుగు మీద కూర్చున్న ముసలాయన్ని గీశాడు.

"ఈయన మన ఫ్యామిలీయేనా?" అని టీచరు అడిగిందిట. అవునన్నాడట మావాడు.

మీ ఊళ్ళో ఎవరైనా ఇంకా వస్తుంటే, దయచేసి చివరిదాకా రాసుకోండి.