రైలుదారి ప్రక్కన రాత్రి దీపము

వానకాలపు రాత్రి వేపచెట్టొకటి రైలుపట్టాలపై కూలినదనుకొందము. దానిని తొలగించుటకు గొడ్డలి, రంపము, నలుగురు పనివాండ్రు చాలును. కాని ఆ నలుగురికి ముందుగా కావలసినది దీపము. వెలుగు ఎంత ఎక్కువైన అంత మేలని విద్యార్థులకు తోచవచ్చును. రైలుదారి ప్రక్కన ఆ లెక్క పనికిరాదు. పొలములో దీపము మనము చూచుటకే. రైలుకట్టపై మన దీపమును దూరమునుండి చూచువాడు మరియొకడు కలడు. అతడు ఇంజను డ్రైవరు. కట్టమీది ప్రతి వెలుగును అతడు ఒక సంకేతముగా చదువును.

నిజాం రాజ్యములో సికింద్రాబాదునుండి వరంగల్లుకు 1886లో తెరచిన దారి భువనగిరి, ఆలేరుల మీదుగా పోయెను. మహబూబ్‌నగరు మీదుగా దక్షిణమునకు మీటరు గేజి దారి 20వ శతాబ్దములో పడి, గద్వాల, కర్నూలు దాటి ద్రోణాచలము చేరెను. నల్లగొండ పట్టణము రైలు చూచుటకు 1980వ దశకము వరకు ఆగవలసివచ్చినది. ఈ మెట్టసీమలో ఏడాదిలో చాలా నెలలు వాగులలో ఇసుకయే కనిపించును. కాని ఒక్క రాత్రి కుండపోతకు చెరువు తెగిన, కట్టయు వంతెనయు నిలువవు. 1954 సెప్టెంబరులో జనగామ సమీపమునను, 1956 సెప్టెంబరు 2న జడ్చర్ల, మహబూబ్‌నగరుల మధ్యను వంతెనలు కూలి, ఒక్కొక్కచోట నూరుమందికి పైగా మరణించిరి. రెండవదాని తరువాత రైల్వేమంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇయ్యగా ప్రధాని నెహ్రూ అంగీకరింపలేదు. ఆ నవంబరులో మద్రాసు రాష్ట్రమందలి అరియలూరు ప్రమాదము జరిగినమీదట శాస్త్రి పదవి వీడెను. 2005 అక్టోబరు 29 తెల్లవారుజామున వలిగొండ దగ్గర వరదకు చిన్న వంతెన కొట్టుకొనిపోయి, డెల్టా ప్యాసింజరులో మరల నూరుమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి.

ఇవన్నియు వంతెనల కథలే గదా, చెట్లతో పనియేమని అడుగవచ్చును. వానకాలపు రాత్రులందు కట్టవెంట నడచు కాపలాదారునకు రెండును ఒకటే. కోతపడిన కట్టనైనను, కూలిన చెట్టునైనను అతడు చేతిదీపముతోనే కనిపెట్టవలెను. ఆ దీపముతోనే రైలును ఆపవలెను.

మొదట అతని చేతికి వచ్చినది కిరసనాయిలు లాంతరు. తెలంగాణములో దీనిని కందిలి యందురు. 1868లో అమెరికాలో జాన్ ఇర్విన్ అనునతడు దీనికి ప్రక్కగొట్టముల నేర్పాటు చేసెను. పైకిపోవు వేడిగాలిలో కొంత ఆ గొట్టములద్వారా మరల క్రిందికి వచ్చి మంటకు చేరును; బయటి ఈదురుగాలి మంటను తాకదు. కందిలి వెలుగు కొలది. పది మీటర్ల దూరమున పడు వెలుగు ఒక మీటరున పడుదానిలో నూరవ వంతే. కొమ్మలు నరకుటకు అది చాలదు. కాని దానికి ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు అద్దములు మూడు అమర్చినచో సంకేతదీపమగును. చూచుటకు బీదయైనను చెప్పుటకు ఇంతకుమించినది చాలకాలము లేదు.

ఆ రంగులకును ఒక చరిత్ర కలదు. తొలినాటి ఇంగ్లీషు రైల్వేలలో తెలుపు రంగునకు ‘దారి నిరపాయము’ అని అర్థము. ఎర్ర అద్దము పగిలినను తెలుపే కనిపించును; ఇంటిదీపము వెలిగినను తెలుపే. అందుచేత 19వ శతాబ్దము చివరకు తెలుపును తీసి ఆకుపచ్చను నిలిపిరి. స్వీడనులో 1875లో లాగర్‌లుండా వద్ద రెండు రైళ్ళు ఢీకొనినప్పుడు, రంగులు పోల్చలేకపోవుటయే కారణమేమోనని హోల్మ్‌గ్రెన్ అను శరీరశాస్త్రజ్ఞుడు అనుమానించి, రంగుఉన్నిపోగులతో రైల్వే పనివారి కండ్లను పరీక్షించు పద్ధతిని ప్రవేశపెట్టెను.

పనికి ఎక్కువ వెలుగు కావలెనన్న కోరికకు మొదటి మంచి జవాబు పెట్రోమాక్సు. 1885లో ఆవర్ ఫాన్ వెల్స్‌బాక్ కనుగొనిన మాంటిల్ దీనికి ప్రాణము. థోరియము ఆక్సైడులో ఒక శాతము మాత్రము సీరియము ఆక్సైడు కలిసిన ఆ బూడిదవల వేడికి తెల్లగా ప్రకాశించును. మన పెండ్లి ఊరేగింపులలో దీనిని తలపై మోసినవారు ఎంత మెల్లగా నడచెడివారో పెద్దలకు తెలియును. కుదుపునకు వల రాలును. చెట్టుపనిలో కుదుపు తప్పదు. అంతకుమించిన దోషము దాని బుసబుస శబ్దము. ఆ మ్రోతలో దూరపు రైలుకూత వినబడదు. నేడు దీపములకై పెట్టు జనరేటరుకును ఇదే దోషము, ఇంకను హెచ్చుగా.

పొడిబ్యాటరీని గాస్నర్ 1886లో పేటెంటు చేయగా, 1899 నాటికి చేతిటార్చి వచ్చెను. చప్పుడు లేదు, గాలిభయము లేదు; కాని ఒక చేయి దానికే పోవును. రంపము పట్టువానికి రెండు చేతులును కావలెను. దీపమును టోపికి తగిలించు ఉపాయము బొగ్గుగనులది. అందును ఒక చిక్కు కలదు: వెలుగు కంటి ప్రక్కనుండియే బయలుదేరుటచే నీడలు వస్తువుల వెనుక దాగును, ఏ కొమ్మ ముందున్నదో, ఏది వెనుకనున్నదో తెలియదు. తుమ్మకొమ్మల చిక్కులో ఇది చిన్న విషయము కాదు. ప్రక్కనుండి మరియొక దీపము వేసినచో నీడలు బయటపడి లోతు తెలియును.

1993లో నకమురా వెలువరించిన ప్రకాశవంతమైన నీలి ఎల్.ఇ.డి., ఆపై వచ్చిన తెల్ల ఎల్.ఇ.డి. వెలుగుకరవును తీర్చినవి. పాత టార్చిబల్బు ఒక వాట్టుకు పది ల్యూమెనుల చొప్పున ఇచ్చినచోట ఇవి నూరు ఇచ్చును. నా దృష్టిలో క్రొత్త అపాయము ఇక్కడనే ఉన్నది. చీకటికి అలవాటుపడుటకు కంటికి ఇరువది, ముప్పది నిమిషములు పట్టును. ఆ అలవాటును పోగొట్టుటకు దారివెంట తిప్పిన ఒక్క తెల్లదీపము చాలును. ప్రక్కనే వెలుగుచున్న ఎర్రదీపమును కూడ అది మింగివేయును. కావున పనిదీపమును పట్టాలకు అడ్డముగా, చెట్టువైపు త్రిప్పి, క్రిందికి వంచి పెట్టవలెను. నేడు ఈ దారులపై 25,000 వోల్టుల తీగ ఉన్నది. కొమ్మతోబాటు ఆ తీగయు వెలుగులో కనబడవలెను; కరెంటు ఆపి భూమికి కలుపకముందు దానికి రెండు మీటర్లలోపలికి పోరాదు.

దారికి అడ్డున్నప్పుడు బ్రాడ్ గేజిపై 1200 మీటర్ల దూరమున, చక్రము క్రింద పేలు డిటొనేటర్లను పట్టాలపై అమర్తురు. గంటకు 100 కిలోమీటర్ల రైలు ఆ దూరమును 43 సెకండ్లలో దాటును. చెట్టుదగ్గర రంపము పట్టుటకు ముందే ఎర్రదీపముతో ఒకడు అటు పరుగెత్తవలెను.

ఉపాధ్యాయులు దీనిని బడి ఆటస్థలములోనే చూపవచ్చును. ఒక చిన్న టార్చికి ఎర్రకాగితము చుట్టి, దాని ప్రక్కన బలమైన తెల్లటార్చిని విద్యార్థులవైపు త్రిప్పి, వారిని నూరు మీటర్ల దూరమునుండి ఎర్రవెలుగును వెదకుమనవలెను. కొద్దిమందికే కనబడును. తెల్లటార్చిని గోడవైపు త్రిప్పినచో కొంతసేపటికి అందరికిని కనబడును.