తీరయాత్రకు ఏ బట్టలు?

సముద్రతీరమునకు పయనమగునపుడు పెట్టెలో ఏ బట్టలు సర్దుకొనవలెనను ప్రశ్న ప్రతి గృహమునందును వినవచ్చునదే. పగలు నేల వేడెక్కగా సముద్రము మీదినుండి గాలి వీచును. రాత్రి నేల చల్లబడగా ఆ గాలియే వెనుదిరుగును. నడుమ మబ్బు క్రమ్ముకొని జల్లు కురియును. ఒక్క దినముననే ఎండ, వాన, చలిగాలి తగులు చోట ఒక్క రకపు బట్ట చాలదు. ఈ చిన్న ప్రశ్నకు సమాధానము లభించుటకు ఎంత కాలము పట్టినదో, ఎందరి శ్రమ అందు ఇమిడియున్నదో నేడు ముచ్చటింతము.

మొదట నూలుబట్టను గూర్చి చెప్పుదుము. ఎండవేళ దీనికి సాటి లేదు. మన నరసాపురము చెంతనున్న మాధవాయిపాలెములో 17వ శతాబ్దిలో ఈస్టిండియా కంపెనీవారు వర్తకశాల నెలకొల్పిరి. ఆ ఊరి పేరే ‘మాడపొల్లామ్’ అను రూపమున ఒక మెత్తని నూలుగుడ్డకు ఇంగ్లండులో నిలిచిపోయినది. అయితే నూలు తడిసినచో నీటిని పీల్చి ఒంటికి అంటుకొని, గాలి తగిలిన కొలది దేహములోని వేడిని హరించును. ఉన్ని అట్లు కాదు. తడిసినను కొంత వెచ్చదనమును నిలుపుకొనును. ఈ మర్మమునెరిగిన బ్రిటిషు తీరముల జాలరులు చిక్కగా అల్లిన ఉన్ని చొక్కాలను తొడిగెడివారు. మన గొల్లలు వానలో గొంగడిని కొప్పెర పెట్టుకొనుటలోని యుక్తియు ఇదియే.

ఉన్ని వెచ్చదనము నిచ్చునే గాని ఎడతెగని వానను ఆపజాలదు. అందుచే నావికులు గుడ్డకు అవిసెనూనె పట్టించి పైన ధరించుచుండిరి. 1877లో హెల్లీ యూల్ హాన్సెన్ అను నార్వే నౌకాధిపతి ఇట్టి దుస్తులనే తయారుచేసి విక్రయించుటకు పూనుకొనెను. అంతకు ఎంతో ముందే, 1823లో, గ్లాస్గో నగరపు రసాయనవేత్త చార్లెస్ మాకింటోష్ రబ్బరును నాఫ్తాలో కరగించి, రెండు గుడ్డల నడుమ పూసి, నీరు చొరని బట్టకు పేటెంటు పొందెను. వానకోటుకు ఆయన పేరే స్థిరపడినది. కాని ఆ తొలి కోటు చలికి బిరుసెక్కెడిది, ఎండకు జిగటయ్యెడిది. దాని వాసనయు దుర్భరము. రబ్బరును గంధకముతో కలిపి కాచు పద్ధతిని 1840లలో అమెరికాలో గుడ్‌ఇయర్, ఇంగ్లండులో హాన్‌కాక్ నిరూపించిన పిదప ఈ దోషములు చాలవరకు తొలగెను. చెమట బాధ మాత్రము మిగిలినది. బయటి నీరు లోనికి రాకున్నను, లోపలి చెమట బయటికి పోక మనిషి కోటులోనే తడిసెడివాడు. థామస్ బర్బరీ 1879లో నూలుపోగులకే నీటిని విదల్చు గుణమును కల్పించి, పిమ్మట వానిని చిక్కగా నేయించి, గాబర్డీన్ అను బట్టను రూపొందించెను. వానను చాలవరకు ఆపుచునే గాలి ఆడనిచ్చు బట్ట అట్లు లభించినది.

బట్ట యెంత మంచిదైనను, గాలివాన ఎపుడు వచ్చునో తెలియనిచో ప్రయోజనము కొంతయే. 1859 అక్టోబరులో ‘రాయల్ చార్టర్’ అను ఓడ వేల్సు తీరమున బ్రద్దలై సుమారు 450 మంది మరణించిరి. ఆ ఘోరముచే కదలిన అడ్మిరల్ ఫిట్జ్‌రాయ్ తంతివార్తల సాయమున తీరములకు ముందుగా హెచ్చరికలు పంపు ఏర్పాటు గావించెను. తొలి హెచ్చరిక 1861 ఫిబ్రవరి 6వ తేదీన వెలువడినది. దానిని లక్ష్యపెట్టక బయలుదేరిన ఓడలు గలవు. 9వ తేదీన విట్‌బీ రేవు చెంత నావికులను కాపాడుటకు ఒక రక్షకపడవ ఐదు పర్యాయములు పోయి వచ్చినది. ఆరవమారు బోల్తాపడగా 13 మందిలో 12 మంది మునిగిపోయిరి. బ్రతికిన హెన్రీ ఫ్రీమన్ కొత్తరకపు బెండుకవచమును ధరించియుండెను.

మన తీరమున ఇంతకంటె పెద్ద విపత్తు సంభవించినది. 1864 నవంబరు 1వ తేదీన తుపానుతో పొంగిన సముద్రము మచిలీపట్టణమును ముంచివేయగా సుమారు 30,000 మంది మరణించిరని అంచనా. అంతకు ముందు నెలలోనే కలకత్తాయును తుపాను వాతబడెను. ఈ యనుభవములును, తరువాతి కరవులును 1875లో భారత వాతావరణ శాఖ స్థాపనకు కారణములయ్యెను.

కావున తీరయాత్రికులు లోపలికి నూలు, నడుమ ఉన్ని, పైన వానకోటు అని మూడు వరుసలుగా బట్టలు సర్దుకొనవలెను. ఎండలో పైవి తీసివేయవచ్చును. గాలి వీచినపుడు తిరిగి తొడుగవచ్చును. ఒక పొడి జతను నీరు చొరని సంచిలో వేరుగా ఉంచుట మంచిది. పెట్టె మూయుటకు ముందు రేడియోలో వాతావరణ సూచన వినుడు. జాలరులు సముద్రము మీదికి పోరాదని చెప్పిన దినమున ఏ వానకోటును నమ్ముకొనక యాత్రను వాయిదా వేసికొనుడు.