‘ఫలానా వారి భార్య’కు ఓటు లేదు

తొలి సార్వత్రిక ఎన్నికల ఓటర్ల జాబితా కోసం ఇంటింటికీ తిరిగిన సిబ్బందికి ఉత్తరాదిలో ఓ చిక్కు వచ్చిపడింది. ఇంట్లో ఆడవాళ్లు ఎంతమందో చెప్పేవాళ్లు. పేరేమిటమ్మా అంటే మాత్రం నోరు విప్పేవాళ్లు కాదు. పరాయి మగవాడికి తన పేరు చెప్పడం అక్కడ మర్యాద కాదు. ఫలానావాడి తల్లి, ఫలానావాడి పెళ్లాం... అలాగే రాసుకోమన్నారు, వీళ్లూ అలాగే రాసుకుపోయారు.

మన వైపు ఈ బిడియం తిరగేసి ఉండేది. మన అమ్మమ్మలు తమ పేరు చెప్పేవాళ్లు, మొగుడి పేరు దగ్గరే మెలికలు తిరిగేవాళ్లు. పక్కనున్న మనవణ్ణి ముందుకు తోసి, ‘మీ తాత పేరు చెప్పరా’ అనేవాళ్లు.

అప్పటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ ఐసీఎస్ అధికారి, లెక్కలు చదువుకున్న మనిషి. పేరు లేకుండా ఓటరు ఉండడానికి వీల్లేదని తేల్చేశారు. అసలు పేర్లు కనుక్కుని సరిచేయమన్నారు. బిహార్‌కు నెల రోజులు గడువు పెంచితే కొంత ఫలితం కనబడింది. రాజస్థాన్‌లో పెంచినా పెద్దగా లాభం లేకపోయింది. చివరికి దేశంలోని దాదాపు 8 కోట్ల మంది మహిళా ఓటర్లలో సుమారు 28 లక్షల మంది పేర్లు కొట్టేశారు. ‘పేర్లు’ అనడమూ తప్పేనేమో, అక్కడున్నవి వాళ్ల మొగుళ్ల పేర్లూ కొడుకుల పేర్లూ కదా! బిహార్, ఉత్తరప్రదేశ్, మధ్యభారత్, రాజస్థాన్, వింధ్యప్రదేశ్‌లలోనే ఎక్కువ మంది పోయారు.

తమాషా ఏమిటంటే, అంతకు పదిహేనేళ్ల ముందు ఇదే ‘ఫలానా వారి భార్య’ అన్న మాట ఓటు తెచ్చిపెట్టింది. మద్రాసు శాసనమండలి 1921లోనే స్త్రీలకు ఓటు ఇచ్చింది గానీ, ఆస్తి ఉన్నవాళ్లకే. ఆ రోజుల్లో ఆడదాని పేర ఆస్తి ఎక్కడిది? 1935 భారత ప్రభుత్వ చట్టం దీనికో దారి కనిపెట్టింది: అర్హుడైన మగవాడి భార్యో, వితంతువో అయితే ఓటేయొచ్చు. 1937 ఎన్నికల్లో చాలామంది ఆ లెక్కనే ఓటర్లయ్యారు. ఈ పద్ధతి వద్దని ముందే మొత్తుకున్నవాళ్లూ ఉన్నారు. మహిళా సంఘాల నాయకురాళ్లు రాజకుమారి అమృత్ కౌర్, ముత్తులక్ష్మీరెడ్డి, షరీఫా హమీద్ అలీ 1933లో బ్రిటిష్ పార్లమెంటు సంయుక్త కమిటీ ముందు సాక్ష్యం చెప్పారు. మొగుడి చాటు ఓటు తమకు అక్కర్లేదన్నది ఆ సంఘాల మాట. లండన్ వినలేదు.

రాజ్యాంగం 326వ అధికరణంతో ఆ గొడవ తీరింది. అప్పట్లో (1989 దాకా) 21 ఏళ్లు నిండితే చాలు, ఆస్తి చూడరు, చదువు చూడరు, మొగుణ్ణి చూడరు. ఆ రాజ్యాంగం రాసిన సభలో మన తెలుగు నాయకురాలు దుర్గాబాయి కూడా కూర్చున్నారు. అంత చేశాక కూడా జాబితా రాసేవాడు గడప దగ్గర నిలబడి పేరు అడిగేసరికి కథ మళ్లీ మొదటికొచ్చింది.

సేన్ చేసింది అన్యాయమని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. నాకైతే అలా అనిపించదు. ‘ఫలానా వారి భార్య’ను ఆ ఒక్కసారికి చూసీచూడనట్టు వదిలేసి ఉంటే, మరుసటి ఎన్నికలకూ అదే జాబితా వచ్చేది. అయినా ఆ 28 లక్షల మందికి తమ ఓటు పోయిందన్న సంగతైనా ఎవరైనా చెప్పారో లేదో!

ఇంట్లో పాత ఓటరు కార్డు ఉంటే ఓసారి తీసి చూడండి. ‘బామ్మ’, ‘పెద్దమ్మ’ అని మీరు పిలిచినావిడ అసలు పేరు అందులో ఉంటుంది.