పిల్లికూన గిన్నెలోకి పచ్చిమాంసం వచ్చిన దారి

పందొమ్మిదో శతాబ్దం నడుమ లండన్ వీధుల్లో పొద్దున్నే ఒక కేక వినబడేది. అది వినగానే గడపగడపకూ పిల్లులు చేరేవి. వచ్చేవాడు పిల్లిమాంసం అమ్మేవాడు. ముసలివై, జబ్బుపడి కబేళాకు చేరిన గుర్రాల మాంసాన్ని ఉడికించి, ముక్కలు కోసి, సన్నటి పుల్లలకు గుచ్చి ఫార్తింగ్‌కూ అరపెన్నీకీ అమ్మేవాడు. ఆ నగరంలో పేదల బతుకుల్ని వీధివీధీ తిరిగి గ్రంథస్థం చేసిన హెన్రీ మేహ్యూ 1851 ప్రాంతంలో ఒక లెక్క వేశాడు. ఇంటికొకటి చొప్పున లండన్‌లో మూడు లక్షల పిల్లులు ఉంటాయని, ఈ వ్యాపారం మీద వెయ్యిమంది దాకా బతుకుతున్నారని తేల్చాడు. 1901 జనవరిలో ఈ అమ్మకందార్లకు నగరంలో ప్రత్యేకంగా విందు ఇచ్చారు. పిల్లుల బొమ్మలకు పేరుపడ్డ చిత్రకారుడు లూయీ వెయిన్ కూడా ఆ విందుకు వెళ్లాడు.

ఉడికించిన గుర్రపు కండ ఒక్కటే పెడితే పిల్లికూన ఎదగదు. అయినా లండన్ పిల్లులు బతికాయి, పిల్లల్ని పెట్టాయి. మన ఊళ్లలో పిల్లులు కూడా అంతే. ఎంగిలి పాలన్నం, పెరుగన్నం, చేపలు కడిగినచోట పడేసిన తలకాయలతో తరతరాలు నెట్టుకొచ్చాయి. గిన్నెలో ఏం పెట్టారన్నది సగం కథే. మిగతా సగం గాదె కింద, వామి చాటున జరిగేది. ఎలుకను పట్టిన పిల్లి కండ ఒక్కటే తిని ఊరుకోదు. ఎముక, కాలేయం, గుండె, నెత్తురు అన్నీ కడుపులోకి పోతాయి. గిన్నెలో ఏది తక్కువైనా వేట ఆ లోటు పూడ్చేది.

ఆ వేట ఆగిపోయిన రోజున గిన్నెలోని లోపాలు బయటపడ్డాయి. 1947లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఎడ్వర్డ్ లో అనే వ్యాపారి, తేమను పీల్చే బంకమట్టి గుళికలను పిల్లుల మలమూత్రాల కోసం సంచుల్లో నింపి అమ్మడం మొదలుపెట్టాడు. దాంతో పిల్లిని రాత్రీపగలూ ఇంట్లోనే ఉంచుకోవడం సులువైంది. డబ్బా తిండి అప్పటికే ఉంది. 1950లలో, వేడి మీద యంత్రంలోంచి ఒత్తి తీసే పొడి గుళికల తిండి కుక్కలకు వచ్చింది. ఆ వెంటనే పిల్లులకూ వచ్చింది. కూన కడుపులోకి పోయేదంతా ఇక మనిషి చేతిమీదుగానే పోవాలి.

అదే కాలంలో పశువైద్యుల దగ్గరికి ఒక వింత జబ్బుతో కూనలు రాసాగాయి. కుర్చీ మీంచి దూకితే కాలు విరిగేది, చేతుల్లోకి ఎత్తుకుంటే నొప్పితో అరిచేవి. నడుము వంగి, వెనక కాళ్లు పడిపోయేవి. సయామీస్ కూనల్లో ఎక్కువగా కనిపిస్తోందని, ఇది వంశంలో వచ్చే ఎముకల జబ్బని అనుకున్నారు. మనుషుల్లో ఉన్న ఒక వారసత్వ వ్యాధి పేరే దీనికీ పెట్టేశారు. లండన్‌లోని రాయల్ ఫ్రీ హాస్పిటల్ వైద్య కళాశాలలో పిల్లుల ఆహారం మీద ఏళ్ల తరబడి పనిచేసిన పెట్రీషియా స్కాట్, అమెరికా జన్యుశాస్త్రవేత్త విక్టర్ మెకుసిక్‌తో కలిసి 1963లో దీని గుట్టు విప్పింది. జబ్బు వంశంలో లేదు, గిన్నెలో ఉంది. ఖరీదైన జాతికూన కదా అని యజమానులు ప్రేమగా మంచి కండమాంసం ఒక్కటే పెట్టేవారు. కండలో భాస్వరం దండిగా ఉంటుంది, కాల్షియం మాత్రం అందులో పదో వంతు కూడా ఉండదు. నెత్తుట్లో కాల్షియం తగ్గకుండా చూసుకోవడానికి శరీరం తన ఎముకల్నే కరిగించుకుంటుంది. పెద్దపిల్లి కొన్నాళ్లు తట్టుకుంటుంది. వారం వారం వంద గ్రాముల చొప్పున పెరిగే కూన తట్టుకోలేదు.

పచ్చిదైనా, వండినదైనా కండ ఒక్కటే పెడితే ఇదే గతి. పచ్చిమాంసం సహజం కాబట్టి దానికి లోటు ఉండదని నమ్మేవాళ్లు ముందుగా ఈ కూనల్ని గుర్తుపెట్టుకోవాలి.

అలా నమ్మేవాళ్లు ఎక్కువగా చెప్పే పేరు ఫ్రాన్సిస్ పాటెంజర్. కాలిఫోర్నియాలో వైద్యుడు. అడ్రినల్ గ్రంథి నుంచి తీసిన మందు బలాన్ని పరీక్షించడానికి పిల్లుల్ని పెంచేవాడు. వండిన మాంసపు మిగుళ్లు తిన్న పిల్లులు శస్త్రచికిత్సకు తట్టుకోలేకపోతున్నాయని, పచ్చిమాంసం మిగుళ్లు తిన్నవి నిలుస్తున్నాయని ఆయన కంటపడింది. 1932 నుంచి 1942 దాకా తొమ్మిది వందల పిల్లుల మీద ప్రయోగం నడిపాడు. వండిన మాంసం తిన్న వంశం తరం తరానికీ చిక్కిపోయింది, మూడో తరం వచ్చేసరికి దాదాపు ఆగిపోయింది. వేడి తగిలితే మాంసంలో ఏదో ప్రాణాధారం చచ్చిపోతుందని చాలామంది తీర్మానించుకున్నారు. పాటెంజర్ చూసింది అబద్ధం కాదు. ఏ పదార్థం తగ్గినందువల్ల అలా జరిగిందో చెప్పే జ్ఞానం మాత్రం ఆనాటికి లేదు.

ఆ జ్ఞానం కళ్లు పోయిన పిల్లుల ద్వారా వచ్చింది. పాలలోని మాంసకృత్తి కేసీన్ మీద పెంచిన ప్రయోగశాల పిల్లులకు చూపు పోతోందని స్కాట్ బృందం 1964లోనే రాసింది. 1975లో హార్వర్డ్‌కు చెందిన కె.సి. హేస్, ఆయన సహచరులు ‘సైన్స్’ పత్రికలో కారణం చెప్పారు: టారిన్ లోపం. ఎద్దు పైత్యరసంలోంచి 1827లోనే వేరుచేసిన పదార్థం ఇది. కుక్క శరీరం దీన్ని చాలావరకు తనే తయారు చేసుకుంటుంది. పిల్లికి ఆ శక్తి బహు తక్కువ, పైగా పైత్యరసంలో రోజూ కొంత పోగొట్టుకుంటుంది. కండలో, ముఖ్యంగా గుండెలో టారిన్ ఉంటుంది. ఉడికించిన నీళ్లు పారబోస్తే చాలావరకు ఆ నీళ్లతోనే పోతుంది. టారిన్ చాలని తల్లిపిల్లికి చచ్చిన కూనలు పుట్టడం, బతికినవి సరిగా ఎదగకపోవడం తర్వాతి పరిశోధనల్లో తేలింది.

కథ అక్కడితో ముగిసి ఉంటే బాగుండేది. అప్పటి ప్రమాణాల ప్రకారం చాలినంత టారిన్ ఉన్న డబ్బా తిండే తింటూ వేలాది ఇంటిపిల్లులు గుండె జబ్బుతో పోతూనే ఉన్నాయి. 1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్‌లో పాల్ పయాన్, మార్క్ కిటిల్‌సన్, క్వింటన్ రోజర్స్, జేమ్స్ మోరిస్ ఆ పిల్లుల నెత్తుట్లో టారిన్ అడుగంటిందని కనిపెట్టారు. టారిన్ ఇచ్చారు. ఉబ్బి, చచ్చుబడిన గుండెలు తిరిగి కుదురుకున్నాయి. డబ్బాలో వేడికి మారిన తిండి పేగులోని సూక్ష్మజీవులకు టారిన్‌ను ఎక్కువగా అప్పగిస్తోందని తర్వాత అర్థమైంది. అందుకే ఇవాళ్టి అమెరికా ప్రమాణాల్లో పొడి తిండికి 0.1 శాతం టారిన్ చాలు, డబ్బా తిండికి 0.2 శాతం ఉండాలి. కంపెనీలు టారిన్ పెంచాయి, ఆ జబ్బు అరుదైపోయింది. పాటెంజర్ వదిలివెళ్లిన ప్రశ్నకు ఇది పెద్ద జవాబు. వేడి చేసిన నష్టాన్ని కొలవవచ్చు, కొలిచి పూడ్చవచ్చు.

ఇక పచ్చిమాంసాన్ని వండకుండానే నిల్వచేసే దారి: గడ్డకట్టించి ఆరబెట్టడం, అంటే ఫ్రీజ్ డ్రైయింగ్. ఆండీస్ కొండల్లో ఇంకాల కాలానికి ముందు నుంచే బంగాళాదుంపల్ని రాత్రి మంచులో గడ్డకట్టనిచ్చి, పగలు ఎండలో తొక్కి నీరు పోగొట్టి నిల్వచేసేవారు. ప్రయోగశాలలో ఈ పనికి శాస్త్రీయమైన రూపం ఇచ్చినవాళ్లలో అమెరికాలోని సెయింట్ లూయిస్‌కు చెందిన లియన్ షాకెల్ ముఖ్యుడు. 1909లో ఆయన పద్ధతి అచ్చయింది. ముందు పదార్థాన్ని గట్టిగా గడ్డకట్టించాలి. తర్వాత గాలి తోడేసి, పీడనాన్ని వాతావరణ పీడనంలో 160వ వంతుకంటే కిందికి దించాలి. అప్పుడు మంచు కరిగి నీరు కాకుండా నేరుగా ఆవిరైపోతుంది. మాంసం ముక్క ఆకారం చెడదు, ముట్టుకుంటే అటుకులంత తేలిగ్గా ఉంటుంది. ముక్కలో నూటికి డెబ్బై పాళ్లు ఉన్న నీరు నాలుగైదు పాళ్లకు పడిపోతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ సైనికుల కోసం నెత్తుటి ప్లాస్మాను ఇలాగే ఆరబెట్టి సీసాల్లో పంపారు. 1960లలో కాఫీపొడీ, వ్యోమగాముల భోజనమూ ఈ దారిన వచ్చాయి.

ఈ చరిత్రలో తెలుగునేలకూ ఒక చోటుంది. పాత మశూచి టీకా ద్రవరూపంలో ఉండేది, మన ఎండలకు కొద్దిరోజుల్లోనే చెడిపోయేది. 1950లలో లండన్‌లోని లిస్టర్ ఇన్‌స్టిట్యూట్‌లో లెస్లీ కాలియర్, గడ్డకట్టించి ఆరబెట్టే టీకాను పెద్ద ఎత్తున తయారుచేసే పద్ధతి రూపొందించాడు. 37 డిగ్రీల వేడిలో నెల ఉంచినా దాని బలం నిలిచేది. భారతదేశంలో ఆ టీకా తయారుచేసిన నాలుగు కేంద్రాల్లో హైదరాబాద్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ ఒకటి. గిండీ, బెల్గాం, పట్వాడాంగర్ మిగతావి. 1975 మే తర్వాత దేశంలో మశూచి కేసు లేదు.

ఆ టీకా గొప్పతనమంతా ఒక్క విషయంలో ఉంది. ఆరబెట్టినా అందులోని వైరస్ బతికే ఉండేది. నీరు కలపగానే తన పని చేసేది. ప్రయోగశాలలు బ్యాక్టీరియాను ఏళ్లపాటు దాచుకునేదీ ఈ పద్ధతిలోనే. మందుల దుకాణంలో దొరికే ప్రోబయోటిక్ పొట్లాల్లో కూడా ఇలా ఆరబెట్టిన బతికున్న సూక్ష్మజీవులే ఉంటాయి. కాబట్టి పచ్చి కోడిమాంసంలో సాల్మొనెల్లా ఉంటే, ఆరబెట్టాక కూడా ఉండగలదు. ఫ్రీజ్ డ్రైయింగ్ పోషకాన్ని పెద్దగా తినెయ్యదు, క్రిమినీ పెద్దగా చంపదు. అది పెట్టినదాన్ని పెట్టినట్టు దాచే పద్ధతి మాత్రమే.

1993లో ఆస్ట్రేలియా పశువైద్యుడు ఇయన్ బిలింగ్‌హర్స్ట్ కుక్కలకు పచ్చి ఎముకలు, పచ్చిమాంసం పెట్టాలని పుస్తకం రాశాక ఈ ఆలోచన ఇళ్లలోకి వచ్చింది. 2007 మార్చి దానికి ఊపునిచ్చింది. చైనా నుంచి వచ్చిన గోధుమ గ్లూటెన్‌లో మెలమిన్ కల్తీ బయటపడి, ఉత్తర అమెరికాలో ఆరు కోట్ల డబ్బాలు, పౌచులు వెనక్కి తీసుకున్నారు. పిల్లుల మూత్రపిండాలు చెడిపోయాయి. వండి డబ్బాలో పెట్టినదాన్ని నమ్మలేక చాలామంది పచ్చి తిండి వైపు తిరిగారు. వాళ్ల కోపం న్యాయమైనదే. ఫ్రీజర్‌లో చోటు అడగకుండా అల్మారాలో నిలవుండే ఆరబెట్టిన పచ్చిమాంసం వాళ్లకు అందివచ్చింది. ఇవాళ అది మన నగరాల్లో పెంపుడు జంతువుల దుకాణాల అరల దాకా వచ్చింది.

2010, 2012 మధ్య అమెరికా ఆహార ఔషధ సంస్థ పచ్చి పెంపుడు తిండి నమూనాలు 196 పరీక్షిస్తే, 15లో సాల్మొనెల్లా, 32లో లిస్టీరియా దొరికాయి. 2024 డిసెంబర్‌లో ఓరెగాన్‌లో గడ్డకట్టించిన పచ్చి టర్కీమాంసం తిన్న ఒక ఇంటిపిల్లి బర్డ్ ఫ్లూతో చనిపోయింది. మరుసటి నెలే అదే సంస్థ, పచ్చి కోడి, పశుమాంసంతో పిల్లి, కుక్కల తిండి చేసే కంపెనీలన్నీ ఈ వైరస్‌ను దృష్టిలో పెట్టుకుని తమ భద్రతా ప్రణాళికల్ని మళ్లీ పరిశీలించాలని ఆదేశించింది. కొన్ని కంపెనీలు ఆరబెట్టే ముందు మాంసాన్ని సుమారు ఆరువేల వాతావరణాల పీడనంలో ఉంచుతాయి. ఇది వేడి లేకుండా చాలా క్రిముల్ని చంపుతుంది. ప్యాకెట్ మీద ఈ పీడన పద్ధతి మాట లేని పచ్చి తిండిని కూనకు కొనకపోవడమే మంచిది. ఇంట్లో చంటిబిడ్డలు, గర్భిణులు, ముసలివాళ్లు ఉంటే, వండిన మంచి కూనతిండే వాడటంలో ఏ లోటూ లేదు. 1987 తర్వాతి కూనలు దానిమీద హాయిగా పెరిగాయి.

కొనాలనే అనుకుంటే, ప్యాకెట్ ముందువైపున్న సింహం బొమ్మకంటే వెనకవైపున్న చిన్న అక్షరాలు ముఖ్యం. ‘గ్రోత్’ లేదా ‘ఆల్ లైఫ్ స్టేజెస్’కు సంపూర్ణమని రాసి ఉండాలి. ‘సప్లిమెంటల్’, ‘టాపర్’, ‘ట్రీట్’ అని ఉంటే అది చిరుతిండి. చికెన్ బ్రెస్ట్ ముక్కలు మాత్రమే ఉన్న డబ్బా ఎంత ఖరీదైనా 1963 నాటి ఆ సయామీస్ కూనల భోజనమే. పొడిభాగంలో మాంసకృత్తులు కనీసం 30 శాతం, కాల్షియం 1 శాతం, భాస్వరం 0.8 శాతం ఉండాలని అమెరికా ప్రమాణాలు కూనల విషయంలో చెబుతాయి. పదార్థాల్లో పొడిచేసిన ఎముకో, కాల్షియం లవణమో ఉండాలి. గుండె, కాలేయం ఉండటం మంచిది. కాలేయమే ప్రధానమైతే విటమిన్ ఏ మితిమీరి మెడ ఎముకలు బిగుసుకుపోతాయి. పచ్చిచేపల్లో బి1ను నాశనం చేసే ఎంజైమ్ ఉన్న రకాలున్నాయి, ఆరబెట్టినా అది పోతుందని నమ్మకూడదు.

పెట్టేటప్పుడు నీరు తిరిగి కలపాలి. పిల్లి జాతికి దాహం తక్కువ, తిండిలోని తేమ మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. గోరువెచ్చని నీళ్లు పోసి ముక్క నడిమి దాకా మెత్తబడేవరకు నాననివ్వాలి, రోజుకు మూడు నాలుగుసార్లు కొంచెం కొంచెంగా పెట్టాలి. తినగా మిగిలింది గిన్నెలో వదిలేయకుండా పారేయాలి. గిన్నెనూ చేతుల్నీ సబ్బుతో కడగాలి. ప్యాకెట్ కవరును తిండి అయిపోయేదాకా, లాట్ నంబర్‌తో సహా దాచాలి. కూనకు వాంతులో విరేచనాలో పట్టుకుంటే డాక్టరు దగ్గరికి దానితోపాటు ఆ కవరూ తీసుకెళ్లాలి. ఓరెగాన్‌లో చనిపోయిన పిల్లిలోని వైరస్, అది తిన్న తిండిలోని వైరస్ ఒక్కటేనని జన్యుక్రమం సరిపోల్చి తేల్చాక, దేశవ్యాప్తంగా అమ్ముడైన ఆ సరుకును వెనక్కి పిలిచారు.